ముప్పై లోపు

నిన్న రాత్రి 11.20కి 23. మొన్న 25. అంతకు ముందు రోజు 22.

మా దూది నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నాడో ఆ లెక్క ఇది. దూది మా కుక్క. ఇంటికి తెచ్చిన రోజు అప్పుడే ఏకిన దూదిలా ఉన్నాడని మా అమ్మాయి పెట్టిన పేరు. ఇప్పుడు 12 నిండి 13లో పడ్డాడు, తూకం 9 కిలోలు. వీధిలో అందరూ పొమేరియన్ అంటారు. మన దగ్గర ఆ పేరుతో చెలామణీ అయ్యేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివేనని డాక్టరమ్మ చెప్పింది. ఈ వయసులో ఎందుకని ఆ సంగతి వాడికి తెలియనివ్వలేదు.

నేను 34 ఏళ్లు బ్యాంకులో క్యాషు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ని. పై బ్యాంకు నుంచి సీలుతో వచ్చిన కట్టయినా విప్పి లెక్కపెట్టకుండా ఎవరి చేతికీ ఇవ్వలేదు. కుక్క ఊపిరిని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణిస్తే చాలునని డాక్టరమ్మ చెప్పింది. నేను గుణించను. సగం కట్ట లెక్కపెట్టి మిగతా సగం కూడా అంతే ఉంటుందని నమ్మే క్యాషియరు ఎక్కడైనా ఉంటాడా? పూర్తి నిమిషం కూర్చుంటాను. డొక్క లేచి దిగితే ఒకటి. కలలో ఎవరినో తరుముతూ కాళ్లు ఆడిస్తుంటే ఆ లెక్క కొట్టేసి, కల అయిపోయేదాకా ఆగి మళ్ళీ మొదలుపెడతాను. మెలకువగా ఉండి రొప్పుతుంటే అసలు లెక్కపెట్టకూడదు, అది వేడికో సంతోషానికో సంబంధించినది. నిద్రలో 30 లోపు ఉంటే ఆ రోజు గడిచినట్టే. 30 దాటితే కాసేపాగి మళ్ళీ చూడాలి. మళ్ళీ దాటితే ఫోను చేయాలి. తెల్లవారేదాకా ఆగకూడదు. ఈ చివరి మాట నేను ఎలా నేర్చుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదలైంది కిందటేడాదికి ముందటి కార్తీక మాసంలో. తెల్లవారుజామున దగ్గు. మామూలు దగ్గు కాదు, రెండు మూడు సార్లు గట్టిగా దగ్గి చివర్లో గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు కక్కబోయి, ఏమీ రాక మూతి నాక్కునేవాడు. మా ఆవిడ ముందు చికెన్ ఎముక అనుకుంది. తరువాత నేను సాంబ్రాణి పొగ మీద పెట్టాను. ఆ తరువాత పక్కన కట్టే అపార్టుమెంటు సిమెంటు దుమ్ము మీద. అమ్మ మాత్రం ఎవరిదో దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు దూదితో పాటు మేమందరం దగ్గాం.

దగ్గరలో చూపిస్తే ఒకాయన గొంతు నొక్కి చూసి, చిన్న జాతులకు గాలిగొట్టం మెత్తబడి ఇలా దగ్గొస్తుందని చెప్పి, సిరపు, యాంటీబయాటిక్ రాశాడు. ఆయనను తప్పుపట్టను, అదీ ఉండే జబ్బే. కానీ స్టెతస్కోపు ఆయన మెడలోనే ఉండిపోయింది, దూది ఛాతీ దాకా రాలేదు. రెండు వారాలు సిరపు వేశాం. తగ్గినట్టే అనిపించింది.

సంక్రాంతి ముందు రోజున గ్యాసు బండ తెచ్చే అబ్బాయి వచ్చాడు. ఆ అబ్బాయి మీద దూదికి పదేళ్ల పగ. గేటు దాకా పరుగెత్తి రెండు సార్లు మొరిగి, మూడో మొరుగు సగంలో ఆపి, పక్కకు ఒరిగిపోయాడు. కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి, కళ్లు తెరిచే ఉన్నాయి. గ్యాసు అబ్బాయి బండ వదిలేసి వాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. పది సెకన్లో, పదిహేనో. లేచి ఒళ్లు దులుపుకుని, తల పట్టుకున్నవాడిని చూసి మళ్ళీ మొరిగాడు.

"గుండెపోటండీ" అంది మా ఆవిడ. నేనూ అదే అనుకున్నాను. కాదని తరువాత తెలిసింది. మనకొచ్చే గుండెపోటు, అంటే గుండెకు రక్తం తెచ్చే నాళాలు కొవ్వుతో పూడిపోవడం, కుక్కల్లో చాలా అరుదట. వాటి గుండె పాడయ్యే దారులు వేరు. పెద్ద జాతుల్లో, ముఖ్యంగా డాబర్‌మన్లలో, కండరమే పలచబడి సాగిపోతుంది. పైకి ఏ గుర్తూ లేకుండా ఒకనాడు ఉన్నట్టుండి పడిపోయేవి ఆ జాతిలో ఉంటాయి. చిన్న జాతుల్లో వాల్వు పాడవుతుంది. కుక్కలకు వచ్చే గుండె జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఈ వాల్వు జబ్బే. మొరిగే ఆవేశంలో మెదడుకు చాలినంత రక్తం అందక దూది సొమ్మసిల్లాడు, అంతే. "అంతే" అని ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఈసారి వెళ్లింది వేరే డాక్టరు దగ్గరికి. మా అమ్మాయి ఈడుది. ఫ్యాను ఆపించింది, మమ్మల్ని మాట్లాడవద్దంది, దూది మూతి మెల్లగా మూసి పట్టుకోమంది. రెండు నిమిషాలకు పైగా ఎడమ డొక్క ముందు భాగంలో స్టెతస్కోపు కదుపుతూ విన్నది. నా ముఖం చూసి, అడగకుండానే దాన్ని నా చెవులకు పెట్టింది.

లబ్ డబ్ ఏమీ లేదు. షూ, షూ, షూ. మునిసిపల్ కొళాయి దగ్గర పగిలిన పైపుకు చెయ్యి అడ్డం పెడితే వచ్చే చప్పుడు.

"ఇది మర్మర్ సార్, గుండెలో ఉండకూడని చప్పుడు. తీవ్రత ఆరింటికి నాలుగు. ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదా?"

లేదన్నాను. ఆవిడ దూది టీకాల పుస్తకం అడిగింది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, పుస్తకం నా వైపు తిప్పింది. రేబీస్ టీకా స్టిక్కరు పక్కన, చీమ తలకాయంత అక్షరాలతో: మర్మర్ 2/6. తేదీ మూడేళ్ల కిందటిది.

ఎవరు రాశారో, నాకు చెప్పారో లేదో గుర్తు లేదు. చెప్పే ఉంటారు. నేను బిల్లులో చిల్లర చూసుకుంటూ ఉండి ఉంటాను. చెక్కు మీద అక్షరం ముక్క తేడా ఉన్నా వెనక్కి పంపిన మనిషిని, మూడేళ్లు ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. "అప్పుడు తెలిసినా మందు ఇచ్చేవాళ్లం కాదు సార్. గుండె పెరగనంత వరకు మందు అక్కరలేదు. ఏడాదికోసారి చూసుకుంటే చాలు" అంది ఆవిడ. అది ఓదార్పు కాదు, వైద్యంలో ఉన్న మాటే. కానీ అప్పుడే తెలిసి ఉంటే కార్తీకంలో వచ్చిన దగ్గును సాంబ్రాణి మీద పెట్టి ఉండేవాణ్ని కాదు.

జబ్బు సంగతి నాకు అర్థమైనట్టు చెబుతాను. గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల తలుపు ఉంటుంది, మైట్రల్ వాల్వు. మా పాత బ్రాంచిలో క్యాషు గదికి నడుం ఎత్తు రెక్క తలుపు ఉండేది. వానాకాలం చెక్క ఉబ్బి మూసుకునేది కాదు, లోపలికి వచ్చిన జనం మళ్ళీ బయటికి పొంగేవారు. అచ్చం అలాగే ఈ రెక్కలు వయసుతో మందమై, అంచులు ముడుచుకుపోయి, ఒకదానికొకటి ఆనవు. కింది గది ఒళ్లంతటికీ తోయవలసిన రక్తంలో కొంత వెనక్కి, పై గదిలోకి చిమ్ముతుంది. ఆ చిమ్మడమే షూ. పై గది సాగుతుంది. సాగి, దాని మీదుగా పోయే గాలిగొట్టం కొమ్మను నొక్కుతుంది. మేము వెతికిన ఎముక అదీ. ఇంకా ముదిరితే ఒత్తిడి వెనకనున్న ఊపిరితిత్తుల్లోకి పాకి, అక్కడ నీరు ఊరుతుంది. మన వాళ్లు నెమ్ము చేరింది అంటారే, అలాంటిదే, కాకపోతే రొంప వల్ల కాదు, గుండె వల్ల.

మా పెద్దమ్మకు చిన్నతనంలో కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వు పాడైంది, 40 దాటలేదు. అందుకని వాల్వు అన్న మాట వినగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది వేరు, ఇది వేరు అని చాలాసేపు చెప్పాను. కుక్కల వాల్వు జబ్బుకు కీళ్లవాతంతో సంబంధం లేదు. వయసుతో పాటు, జాతితో పాటు వచ్చేది. కావలియర్ కింగ్ చార్లెస్ అనే జాతిలో మరీ చిన్న వయసులోనే మొదలవుతుంది. "మరి వీడు కింగు కాదు కదా" అంది అమ్మ.

ఎక్స్‌రే తీశారు. అది చూసే పద్ధతి నాకు తెగ నచ్చింది. చివావా మొదలుకొని గ్రేట్ డేన్ దాకా కుక్కలు ఎన్నో కొలతల్లో ఉంటాయి, అందరి గుండెకూ ఒకే సెంటీమీటరు లెక్క కుదరదు. అందుకని గుండె పొడవూ వెడల్పూ తీసుకుని, ఆ కుక్క వెన్నుపూసలతోనే కొలుస్తారు. 1995లో బుకానన్, బ్యూకెలర్ అనే ఇద్దరు పెట్టిన లెక్క ఇది. ఎవరి కొలబద్ద వాళ్ల వీపులోనే. ఆరోగ్యంగా ఉన్న గుండె సుమారు పదిన్నర వెన్నుపూసలు దాటదు. దూదిది 11.8.

ఎకో, అంటే గుండెకు స్కానింగు, తీసే నిపుణుడు హైదరాబాదులో ఉన్నారంటే ఫిబ్రవరిలో కారు కట్టించుకుని వెళ్లాం. దూది సూర్యాపేట దాకా వాంతి చేసుకోకుండా వచ్చాడు, అక్కడ చేసుకున్నాడు. మత్తు ఇవ్వలేదు. ఛాతీ మీద కాస్త జుట్టు గొరిగి, మధ్యలో కంత ఉన్న బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, ఆ కంతలోంచి కింది నుంచి పరికరం ఆనించారు. తెర మీద ఎర్రగా, నీలంగా రంగులు పేలుతున్నాయి, వెనక్కి చిమ్మే రక్తం. ఎడమ పై గదిని పక్కనున్న బృహద్ధమనితో పోల్చి చూస్తారు. దానికి 1.6 రెట్లు చేరితే పెరిగినట్టు. దూదికి 1.9.

దశలకు అక్షరాలు ఉన్నాయి. జబ్బు వచ్చే జాతిలో పుట్టి ఇంకా ఏమీ లేకపోతే ఏ. మర్మర్ ఉండి గుండె పెరగకపోతే బీ1. పెరిగితే బీ2. ఊపిరితిత్తులకు ఒక్కసారైనా నీరు పడితే సీ. మందులకు లొంగకపోతే డీ. సీలో పడ్డాక ఎంత బాగున్నా తిరిగి బీలో జమ చేయరు. దూది అప్పటికి బీ2. మందు మొదలుపెట్టవలసిన గీత సరిగ్గా అదే.

మందు పేరు పిమోబెండాన్. గుండె కొట్టుకునే బలాన్ని పెంచుతూ, రక్తనాళాలను సడలిస్తుంది. నీరు పట్టకముందే ఇస్తే లాభం ఉందా అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. 2016లో వచ్చిన ఎపిక్ అనే అధ్యయనం తేల్చింది. బీ2లో ఉన్న 360 కుక్కల్లో సగానికి మందు, సగానికి ఉత్త గోళీ. మందు పడిన వాటికి గుండె చేతులెత్తేయడం సగటున 15 నెలలు వెనక్కి జరిగింది. లాభం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, అనుకున్న గడువు కన్నా ముందే పరీక్ష ఆపేశారు. 2016 అంటే మేము ఇక్కడ రద్దయిన నోట్లు రాత్రి పదింటి దాకా లెక్కపెట్టిన ఏడాది. అదే ఏడాది ఎక్కడో కొందరు దూది లాంటి వాళ్ల రోజులు లెక్కపెట్టారన్న మాట.

ఈ మందుతో చిక్కు ఒకటుంది. ఖాళీ కడుపున, తిండికి గంట ముందు, 12 గంటలకోసారి వేయాలి. కుక్కకు మాత్ర వేయడమంటే ఇడ్లీలో పెట్టడమే మనకు తెలిసిన విద్య. అది చెల్లలేదు. మొదటి వారం నోరు తెరిచి నాలుక వెనక పెట్టేవాణ్ని. వాడు మింగినట్టు నటించి, నాలుగడుగులు వేసి, సోఫా కింద ఉమ్మేసేవాడు. ఒకరోజు ఊడిస్తే మూడు మాత్రలు దొరికాయి. చివరికి గోరంత జున్ను ముక్కకు డాక్టరమ్మ దగ్గర అనుమతి తెచ్చుకున్నాను. ఉదయం 6, సాయంత్రం 6. అలారం మోగితే నా కన్నా ముందు వాడే వంటింట్లో ఉంటాడు.

అమ్మాయి పుణె నుంచి ఆన్‌లైన్లో పంపిన మేత బస్తా మీద ధాన్యం లేనిది అని గొప్పగా రాసి ఉంది. బియ్యం, గోధుమ బదులు అందులో బఠాణీలు, చిరుశెనగలు. అలాంటి మేతకూ గుండె కండరం సాగే జబ్బుకూ సంబంధం ఉందా అని అమెరికా ప్రభుత్వ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టింది. తేలినదీ లేదు, కొట్టేసినదీ లేదు. ఉన్న జబ్బుకు తోడు ఆ అనుమానం ఎందుకు, అన్నమే పెట్టండని డాక్టరమ్మ అంది. అమ్మకు ఆనాటి నుంచి ఆవిడంటే గౌరవం.

ఆ గౌరవం ఉప్పు మాట వచ్చేదాకానే. అమ్మకు 86. ఆమెకూ గుండె బలహీనం, ఆమెకూ ఉప్పు తగ్గించమన్నారు. మధ్యాహ్నం భోజనం దగ్గర అప్పడం విరిచి సగం తను, సగం దూది. ఇది ఏళ్ల తరబడి నడుస్తున్న ఒప్పందం. అప్పడంలో ఉప్పెంత ఉంటుందో చెప్పి, మానేయమన్నాను. "మానేశాంలే" అంది, తన తరఫునా వాడి తరఫునా. నెల తరువాత ఆమె మంచం కింద అప్పడం తునకలు దొరికాయి. ఎవరు ఎవరికి పెడుతున్నారో నాకు నిజంగా తెలియదు.

మందు మొదలయ్యాక ఏడాది పైగా మా ఇంట్లో గుండె జబ్బు ఉన్నదని చూసేవాళ్లకు తెలిసేది కాదు. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు మీద సాయంత్రం నడక, కాస్త మెల్లగా. దగ్గు వారానికోసారి. గ్యాసు అబ్బాయి వచ్చే ముందు ఫోను చేసేవాడు, దూదిని పడకగదిలో పెట్టేవాళ్లం. తన గెలుపే అనుకుని ఆ అబ్బాయి కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. ఎదురింటాయన ఒకసారి, "నెలకు నాలుగు వేలా? ఆ డబ్బుతో ఇంకో కుక్క వస్తుంది కదండీ" అన్నాడు. ఆయన ఆ మాట అనే సమయానికి దూది ఆయన పాదాల మీద తల పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆయన పాదాలు మాత్రం కదపలేదు.

ఊపిరి లెక్క అప్పుడే మొదలైంది. రోజూ రాసేవాణ్ని. 20, 22, 21, 24. ఒక్కొక్కప్పుడు అమ్మ మంచం పక్కగా వస్తూ ఆమె ఊపిరి కూడా లెక్కపెట్టేవాణ్ని. ఒకరాత్రి కళ్లు మూసుకునే, "నా ఖాతా వేరే ఉందిరా, నువ్వు వాడిది చూడు" అంది.

ఇక ఈ ఏడాది మే. విజయవాడ మే గురించి చెప్పేదేముంది, బయట 43. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. 10వ తేదీ 24. 11న 27. 12న 31. 13న 36.

12న నేను ఫోను చేయాలి. చేయలేదు. ఎండలనుకున్నాను. దూది పడుకునేది ఏసీ గదిలో, 26 దగ్గర పెట్టిన ఏసీ కింద. ఎండ ఆ గదిలోకి ఎలా వస్తుంది? లెక్క కుదరనప్పుడు, కుదరకపోవడానికి ఒక కారణం కల్పించుకుని చీటీ రాసి పెట్టుకునే క్యాషియర్లను చాలామందిని చూశాను. ఎవరి ఉద్యోగమూ దాంతో బాగుపడలేదు. 13న 36 అని రాసి, పక్కన "వేడి" అని కూడా రాశాను. ఆ మాట ఇప్పటికీ కొట్టేయలేదు, ఉండనిచ్చాను.

14 రాత్రి 1.40కి మెలకువ వస్తే దూది నిలబడి ఉన్నాడు. మోచేతులు వెడల్పుగా పెట్టి, మెడ ముందుకు చాచి, డొక్కలు ఎగరేస్తూ. పడుకోబోతాడు, పడుకోలేక లేస్తాడు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగులో లేవు, బూడిద కలిపిన నీలం. అప్పుడు కూడా లెక్కపెట్టాను, అలవాటు. 52.

డాక్టరమ్మ రెండో రింగుకే ఎత్తింది. "ఎత్తి గుండెకు హత్తుకోవద్దు సార్. బలవంతంగా పడుకోబెట్టవద్దు, నోట్లో నీళ్లు పోయవద్దు. వాడు ఎలా నిలబడితే అలాగే కారులో పెట్టి రండి." మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంది, తాకకుండా. వెళ్లగానే ఆక్సిజన్ పెట్టెలో ఉంచి, నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇక చేసేది ఆ మందు చేయాలి, మేము దూరంగా ఉండాలి, కలవరపెట్టకూడదు. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. నాలుగున్నరకు దూది ఆ పెట్టెలో మూత్రం పోశాడు. డాక్టరమ్మ నవ్వింది. ఒకరు మూత్రం పోస్తే అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు. తెల్లవారేసరికి నాలుగు సార్లు. ఊపిరి 34. రెండో రోజు సాయంత్రం 26తో ఇంటికి వచ్చాం.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పుస్తకం మాత్రం చూసింది. 12వ తేదీ అంకె మీద వేలు పెట్టి, కాసేపు ఉంచి, తీసింది.

అప్పటి నుంచి సీ. పిమోబెండాన్‌తో పాటు స్పైరనోలాక్టోన్, బెనాజెప్రిల్, నీరు లాగే లాసిక్స్. ఆరు గంటలు పనిచేస్తుందని దానికి ఇంగ్లీషులో ఆ అర్థం వచ్చేలా లాసిక్స్ అని పేరు పెట్టారట. అమ్మ ఎన్నో ఏళ్లుగా వేసుకునే మాత్ర కూడా అదే, అదే 40 మిల్లీగ్రాములది. ఆమెకు ఒకటి, దూదికి రెండు పూటలా సగం. సగం అన్నది డాక్టరమ్మ తూకం చూసి చెప్పిన లెక్క, నేను విరిచి చూసింది కాదు. ఇంట్లో పెద్దవాళ్ల పెట్టెలోంచి తీసి కుక్కకు వేసేవాళ్లు ఉంటారని తెలుసు కాబట్టి ఈ మాట రాస్తున్నాను. మాత్ర పడిన గంటకు ఇద్దరూ లేస్తారు. ఒకరు బాత్రూము వైపు, ఒకరు పెరటి తలుపు వైపు. నడవాలో ఎదురుపడితే అమ్మ గోడ పట్టుకుని దారి ఇస్తుంది.

మూత్రం ఎక్కువ పోస్తున్నాడని నీళ్ల గిన్నె తీసేయాలనిపిస్తుంది. తీయకూడదు. మందు నీరు లాగేస్తుంటే తాగే నీరు కూడా ఆపితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాటి కోసమే మూడు నెలలకోసారి రక్తపరీక్ష, క్రియాటినిన్, పొటాషియం. దీపావళికి కిటికీలు మూసి టీవీ గట్టిగా పెట్టాం, గడిచిపోయింది.

ఇంకొకటి నన్ను ఆశ్చర్యపరిచింది. ఆరోగ్యంగా ఉన్న కుక్క గుండె గడియారంలా కొట్టుకోదట. ఊపిరి తీసుకుంటే వేగంగా, వదిలితే మెల్లగా, ఒక లయ తప్పిన లయ. గుండె నీరసించిన కొద్దీ ఆ హెచ్చుతగ్గులు పోయి, నిబ్బరంగా, సమంగా, వేగంగా కొట్టుకుంటుంది. నా బతుకంతా సమంగా ఉన్నదే మంచిదనుకున్నాను. మొన్న నవంబరులో చూపించినప్పుడు డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, "ఈ రోజు కాస్త అటూఇటూగా ఉంది సార్, బాగుంది" అంది.

జపాన్‌లో మసామీ ఉయేచి అనే సర్జన్ కుక్కల గుండె తెరిచి వాల్వు బాగుచేస్తారని అమ్మాయి వీడియో పంపింది. నిజమే, గుండె పనిని కాసేపు యంత్రానికి అప్పజెప్పి చేసే ఆపరేషను. ఖర్చు అడగలేదు. అమ్మ వీడియో మొత్తం చూసి, "సూర్యాపేటకే వాంతి చేసుకున్నవాడు జపాన్ దాకా ఏం వెళ్తాడురా" అంది.

నీరు పట్టిన కుక్కల మీద 2008లో ఒక అధ్యయనం వచ్చింది. పిమోబెండాన్ వేసినవాటిలో సగం 267 రోజులు దాటాయి, దానికి బదులు బెనాజెప్రిల్ వేసినవాటిలో సగం 140 రోజులు. మధ్యగతం అంటే ఏమిటో నాకు తెలుసు. సగం ఇటు, సగం అటు. మే 14 నుంచి ఇవాళ డిసెంబరు 9కి 209 రోజులు. ఈ లెక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ రోజూ కాఫీ తాగుతూ, "ఎంత?" అని మాత్రం అడుగుతుంది. "23" అంటాను. "నయం, నిన్నటి కన్నా రెండు తగ్గింది" అంటుంది. ఆమె కూడా లెక్క గుర్తుపెట్టుకుంటున్నదని అలా తెలిసింది.

నా పుస్తకంలో ఇంక నాలుగు పేజీలే మిగిలాయి. నిన్న బజారుకు వెళ్లి 200 పేజీల నోటు పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. కాసేపు పట్టుకుని, తిరిగి పెట్టేసి, 100 పేజీలది తెచ్చాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత సన్నది తెచ్చావేమిటిరా? పెద్దది లేదా కొట్లో?"

ఉందన్నాను.

"వెళ్లి మార్చుకుని రా. బిల్లు పారేయలేదు కదా?"

బిల్లు జేబులోనే ఉంది. దూది సాయంత్రం మాత్ర వేసి వెళ్తాను.